‘గెట్’ గుట్టు: పక్క మాటను చూసి అర్థం పట్టే పద్ధతి

ఇంగ్లీషు నేర్చుకునేవారిని పెద్ద పెద్ద మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు. పెద్ద మాటకు సాధారణంగా ఒకటో రెండో అర్థాలుంటాయి. నిఘంటువు తీసి చూస్తే పని అయిపోతుంది. చిక్కంతా అడుగడుగునా వినిపించే చిన్న మాటలతోనే. వాటిలో ‘గెట్’ ముందు వరుసలో ఉంటుంది. ఏ మంచి నిఘంటువు తెరిచినా ఈ ఒక్క మాట కింద బారులు తీరిన అర్థాలు కనిపిస్తాయి: పొందు, తెచ్చు, చేరు, మారు, అర్థం చేసుకో, ఒప్పించు, ఎక్కు, దిగు, లే. ఆ జాబితాను బట్టీ పట్టి లాభం లేదు. ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు అన్ని అర్థాల్లో ఏది తీసుకోవాలో తేల్చుకునేలోపే మాట దాటిపోతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతిలో అర్థాల జాబితాతో పని లేదు. ‘గెట్’ తర్వాత ఏ రకం మాట వచ్చిందో చూడాలి, అంతే. నామవాచకం వస్తే ఒక అర్థం, విశేషణం వస్తే ఇంకొకటి, క్రియ మూడో రూపం వస్తే వేరొకటి. ఈ రకాలు పదిలోపే. పైగా తెలుగు మాట్లాడేవారికి ఇందులో పుట్టుకతో వచ్చిన ఒక వెసులుబాటు ఉంది. మన ‘వచ్చింది’, ‘అయింది’, ‘పట్టుబడ్డాడు’, ‘చేయించాను’ వంటి మాటలు ‘గెట్’ చేసే పనిలో చాలా భాగాన్ని ఇప్పటికే చేస్తున్నాయి. పాఠ్యపుస్తకాలు ఈ పోలికను ఎందుకు వాడుకోవో నాకు అర్థం కాదు. వాడుకుంటే సగం భారం తగ్గుతుంది.

మొదటి మెట్టు: ఉండటం వేరు, రావడం వేరు

‘గెట్’ ఇంగ్లీషుకు పుట్టింటి మాట కాదు. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండుకు వచ్చి స్థిరపడిన స్కాండినేవియా ప్రజల భాష అయిన పాత నార్స్‌లోని ‘గెటా’ నుంచి వచ్చింది. అందుకోవడం, చేజిక్కించుకోవడం అని దాని అర్థం. పాత ఇంగ్లీషులో దీని చుట్టం ఒకటి ఉండేది కానీ, అది ఎక్కువగా ఇతర ముక్కలతో కలిసే కనిపించేది. ‘ఫర్‌గెట్’లో ఇప్పటికీ మిగిలి ఉన్నది ఆ చుట్టమే. అక్కడ ‘ఫర్’ అనే ముక్క పట్టు జారిపోయిందని చెబుతుంది. మనసు పట్టులోంచి జారిపోవడమే మరచిపోవడం.

ఈ ‘అందుకోవడం’ అనే బీజాన్ని గట్టిగా పట్టుకోండి. వస్తువు నాకు అందింది. నేను చోటుకు అందాను, అంటే చేరాను. నేను ఒక స్థితికి అందాను, అంటే మారాను. మూడింటిలోనూ ఒకటే కదలిక: ఇంతకుముందు లేనిది ఇప్పుడు వచ్చింది.

అందుకే ‘గెట్’ను ‘హ్యావ్’తోనూ ‘బీ’తోనూ పక్కపక్కన పెట్టి చూడటం తొలి అభ్యాసం. ‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’ అంటే జలుబుతో ఉన్నాను. ‘ఐ గాట్ ఎ కోల్డ్’ అంటే జలుబు పట్టుకుంది. ‘షీ ఈజ్ మ్యారీడ్’ అంటే ఆమె వివాహిత. ‘షీ గాట్ మ్యారీడ్’ అంటే ఆమెకు పెళ్ళయింది. మొదటిది స్థితి, రెండోది సంఘటన. ‘షీ వాజ్ మ్యారీడ్ ఇన్ 2010’ అన్నామనుకోండి, ఆ ఏడు పెళ్ళయిందా, అప్పటికే పెళ్ళయి ఉందా అనే సందేహం మిగులుతుంది. ‘గాట్’ పెడితే ఆ సందేహానికి తావుండదు. ఏ వాక్యంలోనైనా ‘గెట్’ కనిపించగానే ‘ఇక్కడ ఏది కొత్తగా వచ్చింది, ఏది మారింది?’ అని అడగండి.

రెండో మెట్టు: తర్వాత నామవాచకం వస్తే ‘నాకు... వచ్చింది’

ఇది తెలుగువారికి దొరికిన నిధి. ఈ వాక్యాలు చూడండి: నాకు ఉత్తరం వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చింది. నాకు 70 మార్కులు వచ్చాయి. నాకు ఒక ఆలోచన వచ్చింది. 6ను 7తో గుణిస్తే 42 వస్తుంది. అన్నింటిలోనూ ‘రావడం’ ఉంది. ఇంగ్లీషులో అన్నింటికీ ‘గెట్’ సరిపోతుంది: ‘ఐ గాట్ ఎ లెటర్’, ‘ఐ గాట్ ఎ జాబ్’, ‘ఐ గాట్ 70 మార్క్స్’, ‘ఐ గాట్ యాన్ ఐడియా’, గుణకారానికి ‘యూ గెట్ 42’.

తేడా ఎక్కడుందంటే, తెలుగులో వచ్చేది కర్త; ‘నాకు’ అనేది పక్కన నిలబడుతుంది. ఇంగ్లీషు ఆ ‘నాకు’ను తీసుకొచ్చి కర్త స్థానంలో కూర్చోబెడుతుంది. కాబట్టి మార్చే పద్ధతి ఇది: ‘నాకు’ను ‘ఐ’ చేయండి, ‘వచ్చింది’ని ‘గాట్’ చేయండి, వచ్చిన వస్తువును చివర పెట్టండి. ‘వాళ్ళకు’ అయితే ‘దే’, ‘ఆమెకు’ అయితే ‘షీ’. మనుషులే కానక్కర్లేదు. ‘ఈ గదికి పొద్దుటి ఎండ వస్తుంది’ అనడానికి ‘దిస్ రూమ్ గెట్స్ ద మార్నింగ్ సన్’ అంటారు.

అయితే ఈ సూత్రం ఎక్కడ తప్పుతుందో కూడా తెలిసి ఉండాలి. తెలుగువారి ఇంగ్లీషులో ‘గెట్’ తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

‘నాకు కల వచ్చింది’ అనడానికి ‘ఐ హ్యాడ్ ఎ డ్రీమ్’ అనాలి, ‘గాట్’ కుదరదు. ‘నాకు నవ్వొచ్చింది’ అని చెప్పబోయి ‘ఐ గాట్ ఎ లాఫ్’ అంటే అర్థం తిరగబడుతుంది: నా మాటకు ఎదుటివారు నవ్వారు అని! ‘ఇట్ మేడ్ మి లాఫ్’ అనడం సరైనది. ‘నాకు ఏడుపొచ్చింది’ కూడా అంతే, ‘ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్’ అంటారు. ‘నాకు ఒక సందేహం వచ్చింది’ అనే అర్థంలో ‘ఐ గాట్ ఎ డౌట్’ అనేది మన దేశంలో చెల్లుతుంది కానీ, ఇతర దేశాలవారికి ‘డౌట్’ అంటే అపనమ్మకం. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అంటే ఎక్కడైనా సరిగ్గా అందుతుంది. ‘నాకు గుర్తొచ్చింది’ అనడానికి ఒక్క ‘ఐ రిమెంబర్డ్’ చాలు. ఇక ‘నాకు ఈత వచ్చు’లోని ‘వచ్చు’ నైపుణ్యాన్ని చెప్పేది. అక్కడ ‘గెట్’కు పనే లేదు, ‘ఐ కెన్ స్విమ్’ అంతే.

వీటన్నింటినీ కలిపి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. బయటి నుంచి చేతికి అందేవాటికి, అంటే ఉత్తరం, ఉద్యోగం, మార్కులు, బహుమతి, శిక్ష, జలుబు వంటివాటికి ‘గెట్’ బాగా అతుకుతుంది. లోపలి నుంచి ఉబికి వచ్చేవాటికి, అంటే నవ్వు, ఏడుపు, కల, జ్ఞాపకం వంటివాటికి అతకదు. ‘ఆలోచన’ దీనికి మినహాయింపు. ఇంకొన్ని మినహాయింపులూ ఉంటాయి. అయినా సందేహం కలిగినప్పుడు ఈ గీత చాలావరకు దారి చూపుతుంది.

నామవాచకం వచ్చినప్పుడే ఇంకో అర్థం కూడా ఉంది: వెళ్ళి తేవడం. ‘గెట్ ద కీస్’ అంటే తాళాలు తీసుకురా. ఇద్దరి ప్రస్తావన ఉంటే, ‘గెట్ మి ఎ చెయిర్’ అన్నట్టు, ముందు మనిషి, తర్వాత వస్తువు. నాకొక కుర్చీ తెచ్చిపెట్టు అని. ‘గెట్ ఎ డాక్టర్’ అంటే వైద్యుణ్ని పిలుచుకురా అని. వైద్యుడు కావడం అని అర్థం రాదు. దానికి ‘బికమ్ ఎ డాక్టర్’ అనే తీరాలి. ‘గెట్’ తర్వాత వృత్తి పేరు వస్తే అది ఎప్పుడూ మనిషిని తీసుకురావడమే.

మూడో మెట్టు: తర్వాత విశేషణం వస్తే మార్పు

‘గెట్ యాంగ్రీ’, ‘గెట్ టయర్డ్’, ‘గెట్ ఓల్డ్’, ‘గెట్ వెట్’, ‘గెట్ బెటర్’. కోపం రావడం, అలసిపోవడం, ముసలివారు కావడం, తడవడం, కోలుకోవడం. తెలుగు మాట వేరువేరుగా ఉన్నా ఇంగ్లీషు అచ్చు ఒకటే. మార్పు నెమ్మదిగా సాగుతుంటే ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’: చీకటి పడుతోంది. ‘ఐ యామ్ గెటింగ్ హంగ్రీ’: ఆకలి మొదలైంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ‘ఇట్ ఈజ్ గెటింగ్ లేట్’ అంటే పొద్దుపోతోంది. ఇది సరైన ఇంగ్లీషు. కానీ ‘నాకు ఆలస్యమైంది’ అనడానికి ‘ఐ గాట్ లేట్’ అంటే ప్రామాణిక ఇంగ్లీషులో చెల్లదు. ‘ఐ వాజ్ లేట్’ అనాలి. పొద్దు లేటుగా మారుతుంది, మనిషి లేటుగా ఉంటాడు అని గుర్తుంచుకోండి. రెండోది, కొన్ని మార్పులకు ఇంగ్లీషు ‘గెట్’ బదులు ‘గో’ వాడుతుంది. చూపు పోవడం ‘గో బ్లైండ్’, జుట్టు నెరవడం ‘గో గ్రే’, తిండి పాడవడం ‘గో బ్యాడ్’. గమనిస్తే ఇవి వెనక్కి తిరిగి రానివి, చాలావరకు నష్టం వైపు సాగేవి. తెలుగులో ‘పోవడం’ చేరే మార్పులు చాలావరకు ఇటువైపే వస్తాయి: చూపు పోయింది, చెడిపోయింది.

నాలుగో మెట్టు: తర్వాత క్రియ మూడో రూపం వస్తే ‘పట్టుబడ్డాడు’

‘హి వాజ్ కాట్’, ‘హి గాట్ కాట్’. వ్యాకరణ పుస్తకాలు రెండింటినీ కర్మణి ప్రయోగం కింద ఒకే చోట పెడతాయి. చెవికి మాత్రం ఒకటి కావు. తెలుగులో ‘పట్టుకోబడ్డాడు’, ‘పట్టుబడ్డాడు’ అనే మాటల మధ్య ఉన్న దూరాన్ని తలచుకోండి. మొదటిది నివేదికల్లో కనిపిస్తుంది. రెండోది మనుషుల నోట వినిపిస్తుంది. ‘గెట్’ది రెండో గొంతు. ‘గాట్ చీటెడ్’ అంటే మోసపోయాడు, ‘గాట్ బీటెన్’ అంటే దెబ్బలు తిన్నాడు, ‘గాట్ స్టక్’ అంటే చిక్కుకున్నాడు, ‘గాట్ స్టోలెన్’ అంటే చోరీ అయింది.

ఈ ప్రయోగం అన్ని క్రియలతోనూ పొసగదు. ఎవరికో ఏదో జరగాలి. ఆ జరిగింది వారికి నష్టమో లాభమో అయి ఉండాలి. చాలాసార్లు అది అనుకోకుండా జరిగినదై ఉండాలి. జీతం అందడం, ఉద్యోగంలోంచి తీసేయడం, ఎంపిక కావడం, కుక్క కరవడం, ఇవన్నీ సరిపోతాయి. తెలిసి ఉండటం, ప్రేమించడం, నమ్మడం వంటి స్థితులకు సరిపోదు.

ప్రశ్న వేసేటప్పుడు, కాదని చెప్పేటప్పుడు ‘డు, డిడ్’ సాయం తప్పనిసరి. ‘డిడ్ యూ గెట్ పెయిడ్?’ అనాలి. ‘ఐ డిడ్ నాట్ గెట్ సెలెక్టెడ్’ అనాలి. ‘వాజ్’ మాదిరి ‘గాట్’ను వాక్యం ముందుకు లాగితే వాక్యం విరిగిపోతుంది.

మధ్యలో ‘హిమ్‌సెల్ఫ్’ వంటి మాట చేరితే భావం ఇంకా ముదురుతుంది. ‘హి గాట్ అరెస్టెడ్’ అంటే అరెస్టయ్యాడు. ‘హి గాట్ హిమ్‌సెల్ఫ్ అరెస్టెడ్’ అంటే అరెస్టును కొనితెచ్చుకున్నాడు. తప్పు అతనిదే అనే ధ్వని ఆ ఒక్క మాటతో వచ్చేస్తుంది.

ఐదో మెట్టు: మధ్యలో వస్తువో మనిషో ఉంటే ‘చేయించడం’

తెలుగు క్రియకు ‘ఇంచు’ చేరిస్తే చాలు, చేసేవాడు చేయించేవాడవుతాడు. ఇంగ్లీషుకు అలాంటి ప్రత్యయం లేదు. ఆ లోటును ‘గెట్’ తీరుస్తుంది. దీనికి రెండు అచ్చులున్నాయి.

మొదటి అచ్చు: గెట్, వస్తువు, క్రియ మూడో రూపం. ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’ అంటే ఫోను బాగు చేయించాను. ఇక్కడ ఎవరు బాగు చేశారన్నది ముఖ్యం కాదు. ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అంటే మరలు విప్పి నేనే చేశాను. ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అని తెలుగులో మంగలి దగ్గరికి వెళ్ళి వచ్చినా అంటాం, ఎవరూ పొరబడరు. ఇంగ్లీషులో ‘ఐ కట్ మై హెయిర్’ అంటే కత్తెర నా చేతిలోనే ఉందని అర్థం. కాబట్టి డబ్బిచ్చి వేరేవారితో చేయించిన పనులకు ఈ అచ్చును అలవాటు చేసుకోండి: కళ్ళు పరీక్ష చేయించుకోవడం, బట్టలు కుట్టించుకోవడం, గోడలకు రంగు వేయించడం.

ఈ అచ్చుకే ఇంకో రెండు ఛాయలున్నాయి. ‘ఐ గాట్ ద వర్క్ డన్’ అన్నప్పుడు చేయించాను అని ఉండవచ్చు, ఎలాగో పూర్తి చేశాను అని కూడా ఉండవచ్చు, సందర్భమే తేల్చాలి. ‘హి గాట్ హిజ్ ఫింగర్ కాట్ ఇన్ ద డోర్’ అంటే తలుపులో వేలు ఇరికించుకున్నాడు. కావాలని ఎవరూ చేసుకోరు. తెలుగులోనూ ‘ఇరికించుకున్నాడు’లో ‘ఇంచు’ ఉన్నా అందులో ఉద్దేశం లేదు. రెండు భాషలూ ఇంత దగ్గరగా నడిచే చోటు ఇంకొకటి చూడలేదు.

రెండో అచ్చు: గెట్, మనిషి, ‘టు’, క్రియ మొదటి రూపం. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అంటే అతన్ని ఒప్పించి సంతకం పెట్టించాను. ఇంగ్లీషులో చేయించడానికి మూడు మాటలున్నాయి. వాటి మధ్య తేడా తెలుసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే తెలుగులో మూడింటికీ ‘చేయించు’ ఒక్కటే. ‘మేక్’లో బలవంతం ఉంది. ‘హ్యావ్’లో అధికారమో ముందే చేసిన ఏర్పాటో ఉంది. ‘గెట్’లో బుజ్జగింపు, బతిమాలడం, నచ్చజెప్పడం ఉన్నాయి, ఎదుటివారు మొదట ఒప్పుకోలేదన్న సూచన ఉంది. పిల్లవాడిచేత మందు తాగించాను అన్నప్పుడు ముక్కు మూసి తాగించారా, కథ చెప్పి తాగించారా అన్నది ఈ మాటల ఎంపికలోనే తెలిసిపోతుంది. వ్యాకరణంలోనూ తేడా ఉంది: ‘గెట్’ తర్వాత ‘టు’ కావాలి, ‘మేక్’, ‘హ్యావ్’ తర్వాత ఉండకూడదు.

మనిషి స్థానంలో యంత్రం కూడా రావచ్చు. ‘ఐ కాంట్ గెట్ ద కార్ టు స్టార్ట్’. మొరాయించే కారును కూడా ఒప్పించాల్సిందే కదా.

ఆరో మెట్టు: తర్వాత ‘టు’ వస్తే ఆగి చూడండి

‘టు’ తర్వాత చోటు ఉంటే చేరడం: ‘గెట్ టు ద స్టేషన్’. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ మాటలకు మాత్రం ‘టు’ అక్కర్లేదు. ‘ఐ గాట్ హోమ్’ అనాలి, ‘గాట్ టు హోమ్’ అనకూడదు. ఇల్లు, ఇక్కడ, అక్కడ అనే ఈ మూడింటి విషయంలో పొరపాటు చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

‘టు’ తర్వాత క్రియ ఉంటే అవకాశం దొరకడం. ‘వి గాట్ టు సీ ద సీ’ అంటే సముద్రం చూసే భాగ్యం కలిగింది. అందరికీ అందని అవకాశం తమకు దక్కిందనే సంతోషం అందులో ఉంటుంది. ఇష్టంలేని పనికి దీన్ని వాడరు.

ఇదే అచ్చులో ‘గెట్ టు నో’ ఉంది. దీన్ని విడిగా చెప్పాలి. ‘ఆయన ఊరు మారారని నాకు తెలిసింది’ అనే అర్థంలో మనలో చాలామంది ‘ఐ గాట్ టు నో’ అంటారు. ప్రామాణిక వాడుకలో ‘గెట్ టు నో’ అంటే క్రమంగా పరిచయం పెరగడం, ఒక మనిషినో చోటునో దగ్గరగా తెలుసుకోవడం. వార్త చెవిన పడటానికి ‘ఐ హర్డ్’ లేదా ‘ఐ ఫౌండ్ అవుట్’ అనాలి. ఈ ఒక్క దిద్దుబాటు చేసుకున్నా మాటలో స్పష్టత ఎంతో పెరుగుతుంది.

ఏడో మెట్టు: తర్వాత దిక్కు చూపే చిన్న మాట వస్తే

అప్, డౌన్, ఇన్, అవుట్, ఆన్, ఆఫ్, ఓవర్, త్రూ, అక్రాస్. వీటితో ఏర్పడే జంటలు చూసి భయపడేవారు ఎక్కువ. ముందు ప్రతి జంటనూ శరీరపు కదలికగా ఊహించండి. తర్వాత ఆ కదలికను జీవితానికి అన్వయించండి. ‘గెట్ ఓవర్’ అంటే గోడ దాటడం; అదే దుఃఖానికో జబ్బుకో చెబితే దాన్నుంచి తేరుకోవడం. ‘గెట్ త్రూ’ అంటే ఇరుకులోంచి బయటపడటం. పరీక్షకో కష్టకాలానికో చెబితే గట్టెక్కడం, ఫోను విషయంలో లైను కలవడం. ‘గెట్ అక్రాస్’ అంటే అవతలి ఒడ్డుకు చేరడం. మాటకు చెబితే మన భావం ఎదుటివారికి చేరడం. ‘గెట్ బై’ అంటే పక్కనుంచి దాటిపోవడం. జీవితంలో అయితే ఉన్నదాంతో నెట్టుకురావడం. ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి దానితోపాటు తప్పించుకుపోవడం, శిక్ష పడకుండా బయటపడటం.

అన్నీ ఇంత సాఫీగా విడిపోవు. ‘గెట్ అలాంగ్’ అంటే పొసగడం. బ్రిటన్‌లో దానికే ‘గెట్ ఆన్’ అని కూడా అంటారు. పనికి చెబితే అదే ‘గెట్ ఆన్ విత్’ అంటే పని కొనసాగించడం. ‘గెట్ రౌండ్ టు’ అంటే వాయిదాలు పడీ పడీ చివరికి ఆ పనికి తీరిక చేసుకోవడం. ఇవి వాడుకలో పదేపదే విని పట్టుకోవలసినవే.

వాహనాల సంగతి మాత్రం తేల్చుకుందాం. ఎక్కడానికి ‘గెట్ ఆన్’ ఎప్పుడు, ‘గెట్ ఇన్’ ఎప్పుడు? లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగితే ‘ఆన్’: బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి దూరి కూర్చోవలసి వస్తే ‘ఇన్’: కారు, టాక్సీ, చిన్న పడవ. కాళ్ళు అటూ ఇటూ వేసి మీద కూర్చునేవాటికి మళ్ళీ ‘ఆన్’: సైకిలు, మోటారు సైకిలు, గుర్రం. దిగేటప్పుడు ‘ఆన్’కు జోడీ ‘ఆఫ్’, ‘ఇన్’కు జోడీ ‘అవుట్ ఆఫ్’.

అలాగే ‘వేక్ అప్’ అంటే మెలకువ రావడం, ‘గెట్ అప్’ అంటే పక్క మీంచి లేవడం. రెండింటి మధ్య గంట గడిచిపోవచ్చు.

ఎనిమిదో మెట్టు: ముందు ‘హ్యావ్’ ఉంటే

ఇంతవరకు తర్వాతి మాటను చూడమన్నాను. ఈ ఒక్కచోట ముందు మాటను చూడాలి. ‘ఐ హ్యావ్ గాట్ ఎ పెన్’ అంటే నా దగ్గర కలం ఉంది. రూపం చూస్తే సంపాదించాను అన్నట్టుంది, అర్థం మాత్రం ‘ఉంది’. అందుకుని ఉన్నాను కాబట్టి నా దగ్గర ఉంది అనే తర్కంతో అర్థం ఇలా జరిగింది. ఇది వర్తమానానికే పరిమితం. గతంలో కలం ఉండేది అనడానికి ‘ఐ హ్యాడ్ ఎ పెన్’ చాలు. ప్రశ్న ‘హ్యావ్ యూ గాట్’ అని గానీ, ‘డు యూ హ్యావ్’ అని గానీ వేయాలి. రెండింటినీ కలిపి ‘డు యూ హ్యావ్ గాట్’ అనకూడదు.

‘హ్యావ్ గాట్ టు’ తర్వాత క్రియ వస్తే తప్పనిసరి: ‘ఐ హ్యావ్ గాట్ టు గో’, వెళ్ళక తప్పదు. మాటల్లో ఇది ‘గాటా’గా కుదించుకుపోతుంది. సినిమాల్లో వినిపించే ‘గాటా’ ఇదే.

అమెరికాలో ‘గాటెన్’ అనే పాత రూపం నిలిచింది. బ్రిటన్‌లో సాధారణ వాడుకలోంచి తప్పుకుంది. అమెరికన్లు ‘హ్యావ్ గాట్’ను ఉండటానికి, ‘హ్యావ్ గాటెన్’ను సంపాదించడానికో మారడానికో విడదీసి వాడతారు. ‘ఐ హ్యావ్ గాట్ టు’ అంటే చేయక తప్పదు; ‘ఐ హ్యావ్ గాటెన్ టు’ అంటే చేసే అవకాశం కలిగింది. ఇదొక అందమైన విభజన. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ఒకే రచనలో రెండూ కలపకండి.

తొమ్మిదో మెట్టు: తర్వాత ‘ఇట్’ వస్తే

‘ఐ గెట్ ఇట్’ అంటే అర్థమవుతోంది. ‘ఐ హ్యావ్ గాట్ ఇట్’ అంటే నా దగ్గరుంది, లేదా సమాధానం తట్టింది. తలుపు తట్టినప్పుడు ‘ఐ విల్ గెట్ ఇట్’ అంటే నేను తీస్తాను. ఫోను మోగినప్పుడు అదే మాటకు నేను ఎత్తుతాను అని. ‘ఐ డిడ్ నాట్ గెట్ దట్’ అంటే మీరన్నది సరిగా వినపడలేదు. ఇది మర్యాదైన మాటే. ‘డు యూ గెట్ ఇట్?’ అని ఎదుటివారిని అడగడం మాత్రం చురుక్కుమంటుంది. చెప్పింది అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే ‘డస్ దట్ మేక్ సెన్స్?’ అనడం మేలు, భారం మన మాట మీద పడుతుంది.

పదో మెట్టు: రాతలో ఎంతవరకు?

దరఖాస్తులు, పరిశోధన వ్యాసాలు, అధికారిక ఉత్తరాల్లో ‘గెట్’ను తగ్గించడం మంచి పద్ధతి. ఉత్తరం అందిందనడానికి ‘రిసీవ్’, శ్రమపడి సంపాదించడానికి ‘అబ్టెయిన్’, మారడానికి ‘బికమ్’, చేరడానికి ‘అరైవ్’ లేదా ‘రీచ్’, అర్థం కావడానికి ‘అండర్‌స్టాండ్’. కర్మణి ప్రయోగంలో ‘గాట్’ బదులు ‘వాజ్’. కానీ స్నేహితులకు రాసే ఉత్తరంలోనూ మాటల్లోనూ ఇదే పని చేస్తే మాట కొయ్యబారిపోతుంది. పైగా ‘గెట్ మ్యారీడ్’, ‘గెట్ డ్రెస్డ్’, ‘గెట్ లాస్ట్’, ‘గెట్ రిడ్ ఆఫ్’ వంటివాటికి తేలికైన ప్రత్యామ్నాయం దొరకదు. వాటిని అలాగే ఉంచేయండి.

ఇప్పుడు సాధన

ఈ ఒక్క వాక్యాన్ని ముక్కలు చేయండి: ‘ఐ గాట్ అప్ లేట్, గాట్ డ్రెస్డ్, గాట్ ఆన్ ద బస్, గాట్ కాట్ ఇన్ ద రెయిన్, గాట్ టు ద ఆఫీస్, గాట్ ఎ ఫ్రెండ్ టు లెండ్ మి ఎ షర్ట్, అండ్ నెవర్ గాట్ టు మీట్ ద మేనేజర్’.

ఆలస్యంగా లేచాను, బట్టలు వేసుకున్నాను, బస్సెక్కాను, వానలో చిక్కుకున్నాను, ఆఫీసుకు చేరాను, ఒక స్నేహితుణ్ని అడిగి చొక్కా ఇప్పించుకున్నాను, మేనేజరును కలిసే అవకాశమే దొరకలేదు. ఏడు ‘గాట్’లకు తెలుగులో ఏడు వేర్వేరు క్రియలు పడ్డాయి. ‘గాట్ టు’ రెండుసార్లు వచ్చింది. మొదటిదాని తర్వాత చోటు, రెండోదాని తర్వాత క్రియ. ‘గాట్ డ్రెస్డ్’ది మూడో రూపమే అయినా అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చేయలేదు, తనకు తాను చేసుకున్న పనికి కూడా ఈ రూపం వాడతారు.

తర్వాత ఎదురుదిశలో వెళ్ళండి. మీరు రోజూ అనే తెలుగు మాటల్లో ‘వచ్చింది’, ‘అయింది’, ‘తెలిసింది’, ‘చేయించాను’ ఉన్నవాటిని రాసుకుని, ఏది ‘గెట్’కు లొంగుతుందో, ఏది లొంగదో చూడండి. మొదలుపెట్టడానికి నాలుగు ఇస్తున్నాను: నాకు జీతం వచ్చింది. ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది. నాకు ఆలస్యమైంది. కళ్ళద్దాలు మార్పించాను. మొదటిదీ చివరిదీ ‘గెట్’కు లొంగుతాయి: ‘ఐ గాట్ పెయిడ్’, ‘ఐ గాట్ మై గ్లాసెస్ చేంజ్డ్’. మధ్యలో రెండూ లొంగవు: ‘ఐ ఫౌండ్ అవుట్ ఓన్లీ యెస్టర్‌డే’, ‘ఐ వాజ్ లేట్’.